వెంటిలేటర్ల ఫోటో వేశారు, రాత్రి నర్సులు ఎంతమందో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో ఒక ఆస్పత్రి పిల్లల ఐసీయూకి కొత్త వెంటిలేటర్లు వచ్చాయని పెద్ద ఫోటోతో వార్త వేశారు. మెషిన్లకి బంతిపూల దండలు వేసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టారు. ఆ ఫోటో చూసి నాకు నిజంగానే సంతోషమేసింది. నేను 19 ఏళ్లుగా పిల్లల ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మెషిన్ ఖాళీ లేదని అంబులెన్సుని గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపిన రోజులు చూశాను. తండ్రి చేతికి అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) ఇచ్చి "ఇలా నొక్కుతూ ఉండు నాయనా, ఆపకు" అని చెప్పిన రాత్రులూ చూశాను. కాబట్టి మెషిన్లు ఎందుకని ఎవరైనా అంటే ముందు నేనే పోట్లాడతాను.

అయితే ఆ వార్తని రెండుసార్లు చదివాను. మెషిన్లు ఎన్ని, ఖరీదు ఎంత, రిబ్బన్ ఎవరు కత్తిరించారు, అన్నీ ఉన్నాయి. రాత్రి రెండు గంటలకి ఆ మెషిన్ల పక్కన ఎంతమంది నర్సులుంటారన్నది మాత్రం ఎక్కడా లేదు. అది ఎందుకు రాయాలో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, ఏమీ అనుకోవద్దు.

మా వార్డులో తల్లిదండ్రుల గుండె జారిపోయే మాట ఒకటుంది, "లంగ్ కొలాప్స్ అయింది" అని. రౌండ్స్‌లో డాక్టరుగారు ఆ మాట అని పక్క బెడ్‌కి వెళ్తారు. ఐదు నిమిషాలకి బయట మెట్ల దగ్గర పిల్లాడి నాన్న ఫోన్‌లో "ఒక ఊపిరితిత్తి పోయిందంట మావయ్యా" అని ఏడుస్తుంటాడు. పోవడం కాదండీ, ముడుచుకోవడం. ఊపిరితిత్తి అంటే కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి గదులు. ఏదో ఒక గొట్టంలో చిక్కటి కళ్లె అడ్డుపడితే దాని వెనకున్న గదుల్లో గాలి రక్తంలోకి ఇంకిపోతుంది, కొత్త గాలి రాదు. అప్పుడు ఆ భాగం మూసుకుపోతుంది. తడిసిన పాలిథిన్ కవరు రెండు పొరలూ అతుక్కుపోయి ఎంత నలిపినా తెరుచుకోదు చూడండి, అలాగన్నమాట. ఎక్స్‌రేలో ఆ మేర తెల్లగా కనబడుతుంది. చాలామంది పిల్లల్లో అది మళ్లీ తెరుచుకుంటుంది. తెరిపించడానికి ఓపిక కావాలి, చేతులు కావాలి.

ఇంకో రకం కూడా ఉంది. ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి ఛాతీలోకి లీకై, ఆ గాలే ఊపిరితిత్తిని బయట నుంచి నొక్కేస్తుంది. దీంట్లో ఎక్స్‌రే నల్లగా వస్తుంది. ఒక్కోసారి ఆ గాలి నిమిషాల్లో పెరిగిపోయి గుండెని కూడా పక్కకి నెట్టేస్తుంది. వెంటనే సూది గుచ్చి గాలి తీసి, ఆ తర్వాత ట్యూబ్ వేసి నీళ్ల సీసాకి కలుపుతారు. సీసాలో బుడగలు వస్తున్నాయా లేదా అని మేం రాత్రంతా చూస్తూ కూర్చుంటాం. రెండింటినీ జనం కొలాప్స్ అనే అంటారు కానీ వైద్యం పూర్తిగా వేరు. నేను ఇక్కడ ఎక్కువగా చెప్పేది మొదటి దాని గురించి. అది చప్పుడు చేయకుండా వస్తుంది, నర్సు కళ్లముందే వస్తుంది.

చిన్నపిల్లలకే ఎందుకు ఎక్కువ వస్తుందంటే, పెద్దవాళ్లలో పక్కపక్కన ఉన్న గాలి గదుల మధ్య సన్నటి దొడ్డిదారులుంటాయి. ఒక గొట్టం మూసుకుపోయినా పక్క నుంచి కాస్త గాలి చేరుతుంది. పసిపిల్లల్లో ఆ దారులు ఇంకా ఏర్పడి ఉండవు. పక్కటెముకలు మెత్తగా ఉంటాయి, ఛాతీ లోపలికి పోతుంటే ఆపలేవు. గొట్టాలు ఎలాగూ సన్నం. ఏడాది పిల్లాడికి వెంటిలేటర్ కోసం నోట్లోంచి శ్వాసనాళంలోకి మేం పెట్టే ట్యూబ్ లోపలి వెడల్పు 4 మిల్లీమీటర్లు. కొబ్బరిబొండాంలో వేసి తాగే స్ట్రా అంతకన్నా లావుంటుంది. దానికి బియ్యపు గింజంత కళ్లె అంటుకుంటే చాలు.

మూడో నంబర్ బెడ్ పిల్లాడి సంగతి చెబుతాను. ఊరూ పేరూ రాయను. 14 నెలల బాబు, దివిసీమ వైపు వాళ్లు. అమ్మానాన్న భవనాల పనికి హైదరాబాద్ వెళ్లి, పండక్కి ఇంటికొచ్చినప్పుడు జ్వరం, ఆయాసం. టీకా కార్డు చూస్తే నిమోనియా టీకా మొదటి రెండు డోసులు పడ్డాయి, తొమ్మిదో నెలలో వేయాల్సిన బూస్టర్ లేదు. ఆ సమయంలో వాళ్లు ఊళ్లో లేరు. 2021 నుంచి దేశమంతటా ఆ టీకా ఉచితమే. వలస వెళ్లిన చోట ఏ ప్రభుత్వ కేంద్రంలో అడిగినా వేస్తారని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

బాబుకి వెంటిలేటర్ పెట్టి నాలుగో రోజు. ట్యూబ్ పెదవి దగ్గర 12 సెంటీమీటర్ల గుర్తు మీద ఉండేలా ప్లాస్టర్ వేశాం. ఆ 12 అంకెని ప్లాస్టర్ మీద పెన్నుతో నేనే పెద్దగా రాస్తాను, నా తర్వాత డ్యూటీకి వచ్చే అమ్మాయికి దూరం నుంచి కూడా కనబడాలని. మెడలో నల్లతాడుకి తాయెత్తు కట్టి ఉంటే తీసేయకుండా భుజానికి మార్చి కట్టాను. వాళ్ల అమ్మమ్మ అది చూసి నా చెయ్యి పట్టుకుంది.

ఆ రాత్రి నైట్ డ్యూటీకి మేం ఇద్దరం ఉండాలి. రెండో అమ్మాయిని క్యాజువాలిటీలో, అంటే ఎమర్జెన్సీ కేసులు చూసే చోట, మనుషులు లేరని అక్కడికి పంపారు. వెంటిలేటర్ మీదున్న పిల్లలు ముగ్గురు, నేను ఒక్కదాన్ని. రెండూ నలభై అప్పుడు ఒకటో బెడ్ పాపకి సక్షన్ చేస్తున్నాను, అంటే సన్నటి పైపుతో ట్యూబ్‌లోని కళ్లె లాగడం. సక్షన్ మధ్యలో వదిలేసి రాలేం. వెనక అలారం మోగింది. చేతిలో పని ముగించి, గ్లవ్స్ తీసి, తిరిగి చూసేసరికి మూడో బెడ్ సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 97 ఉండాల్సింది 81 చూపిస్తోంది.

దగ్గరికెళ్తే బాబు గడ్డం ఛాతీకి ఆని ఉంది. కదిలినప్పుడు తల కింద పెట్టిన గుడ్డ చుట్ట జరిగిపోయింది. చొంగకి ప్లాస్టర్ తడిసి ఊడి ఉంది. నేను రాసిన 12 మీద ట్యూబ్ లేదు, పదమూడున్నర పెదవి దగ్గరికి వచ్చేసింది. ఒకటిన్నర సెంటీమీటర్లు ఏపాటి అనుకుంటారు. ఆ వయసు పిల్లాడి శ్వాసనాళం మొత్తం పొడవు మన చూపుడు వేలంత కూడా ఉండదు. గడ్డం కిందికి వంగితే ట్యూబ్ లోపలికి దిగుతుంది, పైకెత్తితే బయటికి వస్తుంది. లోపలికి దిగితే నేరుగా కుడి గొట్టంలోకే పోతుంది, ఎందుకంటే కుడివైపు దారి కాస్త వెడల్పు, తిన్నగా ఉంటుంది. ఇక గాలంతా కుడి ఊపిరితిత్తికే. ఎడమది మూసుకుపోవడం మొదలవుతుంది. నేను వంగి చూస్తే కుడి ఛాతీ లేస్తోంది, ఎడమది లేవడం లేదు. స్టెతస్కోప్ పెడితే ఎడమవైపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఇన్నేళ్లయినా నాకు అలవాటు కాలేదు.

డ్యూటీ డాక్టర్ పరిగెత్తుకుని వచ్చారు. ట్యూబ్‌ని 12 దగ్గరికి లాగి, కొత్త ప్లాస్టర్ వేసి, బ్యాగ్‌తో మెల్లగా గాలి ఇచ్చారు. సాచురేషన్ 94 వరకూ లేచింది. అమ్మయ్య అనుకున్నాం. కానీ పొద్దున ఎక్స్‌రేలో ఎడమవైపు కింది భాగం ఇంకా తెల్లగానే ఉంది. ఒకసారి అతుక్కున్న గదులు ట్యూబ్ సరిచేయగానే తెరుచుకోవు. అది పూర్తిగా తెరుచుకోవడానికి మూడు రోజులు పట్టింది. వెంటిలేటర్ మీద మూడు రోజులు ఎక్కువ అంటే ఇన్ఫెక్షన్ భయం మూడు రోజులు ఎక్కువ, మత్తు మందులు మూడు రోజులు ఎక్కువ, బయట మెట్ల మీద ఆ అమ్మకి మూడు రాత్రులు ఎక్కువ. అలారం మోగినప్పుడు నేను ఆ బెడ్ పక్కనే ఉంటే తల వంగినప్పుడే సరిచేసేదాన్ని. అది పది సెకన్ల పని. ఈ మాట డాక్టర్లతో చెప్పాను, మేనేజ్‌మెంట్‌కి రాసిచ్చాను. మీకు కూడా రాస్తున్నాను.

ఆ మూడు రోజులు ఏం చేశామో చెబుతాను, ఎందుకంటే ఇదేదీ మెషిన్ చేసేది కాదు. మెషిన్ ఊపిరి చివర కాస్త ప్రెషర్ నిలిపి గదులు మళ్లీ మూసుకోకుండా చూస్తుంది, ఆ మేలు దానిదే. మిగతాదంతా చేతులదే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, ముడుచుకున్న ఎడమవైపు పైకి వచ్చేలా పడుకోబెట్టడం, తిప్పిన ప్రతిసారీ పెదవి దగ్గర అంకె చూసుకోవడం, బెడ్ తలవైపు ఎత్తి ఉంచడం. లోపలికి పోయే గాలి వెచ్చగా, తేమగా ఉందా లేదా చూడటం, లేకపోతే కళ్లె జిగురులా గట్టిపడుతుంది. పగలు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి పక్కటెముకల మీద రెండు అరచేతులూ ఆనించి, బాబు ఊపిరి వదిలేటప్పుడు మాత్రమే మెల్లగా వణికించేది. దబదబా చరచడం కాదది. కొందరు బంధువులు చూసి, మేమూ తడతామని ముందుకొస్తారు, దయచేసి అలా చేయకండి. ఏ బిడ్డకి ఏది పనికొస్తుందో చూసి చేయాలి, కొందరికి చేయనే కూడదు.

సక్షన్ కూడా అంతే. కళ్లె ఉందని గంట గంటకీ పైపు వేసి లాగేస్తే కళ్లెతోపాటు గాలి కూడా పోయి ఊపిరితిత్తి ఇంకా ముడుచుకుంటుంది. అవసరమైనప్పుడే చేయాలి, సరైన సైజు పైపుతో చేయాలి, చేసేది చప్పున అయిపోవాలి. నేను పైపు లోపలికి పోగానే మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటాను. పది లోపు బయటికి రావాలి. ఈ లెక్క నాకు నేర్పిన సీనియర్ సిస్టర్ రిటైరై కూడా చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను కొత్త పిల్లలకి నేర్పుతాను. ఆరు నెలల్లో వాళ్ల చెయ్యి కుదురుతుంది. సరిగ్గా అప్పుడే వాళ్లని వేరే వార్డుకి మారుస్తారు, లేదా జీతం చాలక వాళ్లే వెళ్లిపోతారు. మళ్లీ మొదటి నుంచి.

ఆక్సిజన్ గురించి ఒక మాట. "సిస్టర్, ఆక్సిజన్ ఫుల్‌గా పెట్టండి, డబ్బులు కడతాం" అని బతిమాలే తండ్రులుంటారు. ప్రేమతోనే అంటారు. మనం పీల్చే మామూలు గాలిలో ఎక్కువ భాగం నైట్రోజనే. అది రక్తంలోకి పెద్దగా ఇంకదు కాబట్టి గదిలో నిలబడి దాన్ని తెరిచి ఉంచుతుంది. వంద శాతం ఆక్సిజనే పంపితే, గొట్టం ఎక్కడైనా మూసుకున్నప్పుడు ఆ ఆక్సిజనంతా చప్పున ఇంకిపోయి గది త్వరగా మూసుకుంటుంది. అందుకే డాక్టర్లు వీలైనంత తక్కువకి దించుతూ వస్తారు. తగ్గిస్తే నిర్లక్ష్యం చేస్తున్నారని అనుకోకండి.

మా డాక్టరుగారొకరు క్లాసు తీసుకుంటూ చెప్పిన సంగతి నేను మర్చిపోలేను. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్డామ్ అనే ఆస్పత్రిలో ఊపిరి అందని రోగులకి ఉన్నవి ఒక ఐరన్ లంగ్ (మెడ దాకా మనిషిని లోపల పడుకోబెట్టి ఊపిరి ఆడించే పెద్ద పెట్టె), ఛాతీకి తొడిగే చిన్న పరికరాలు ఆరు. మొదటి మూడు వారాల్లో అలాంటి రోగులు 31 మంది వస్తే 27 మంది చనిపోయారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్‌ని పిలిచారు. ఆగస్టు 27న ఆయన ముందు పడుకున్నది 12 ఏళ్ల ఆడపిల్ల. కాళ్లూ చేతులూ పడిపోయాయి, ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోయింది, తన కళ్లెలో తనే మునిగిపోతోంది. ఆయన గొంతు దగ్గర దారి చేసి ట్యూబ్ వేయించి, కళ్లె లాగించి, రబ్బరు బ్యాగ్‌ని చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు. పాప బతికింది. ఆ తర్వాత నెలల తరబడి దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టుల మీద వచ్చి, ఒక్కో మంచం పక్కన కూర్చుని, చేత్తో బ్యాగ్ నొక్కుతూ రోగులకి ఊపిరి పోశారు. చావులు నూటికి 87 నుంచి 25 దగ్గరికి దిగాయి. ఐసీయూ అనేది అక్కడే పుట్టిందంటారు. అది విన్నరోజు నేను మా మూడో బెడ్ లాంటి బెడ్లన్నీ తలుచుకున్నాను. మొట్టమొదటి రోజు నుంచీ ఐసీయూ అంటే ఒక్కో మంచానికి ఒక మనిషి. ముడుచుకున్న ఊపిరితిత్తి ఉన్న ఒక ఆడపిల్ల కోసం మొదలైన ఏర్పాటది.

మన దేశంలో క్రిటికల్ కేర్ నిపుణుల సంఘం రాసుకున్న మార్గదర్శకాల్లో కూడా వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలని, ఎట్టి పరిస్థితిలోనూ ముగ్గురికి ఇద్దరి కంటే తగ్గకూడదని ఉంది. నేను ఆ రాత్రి ముగ్గురికి ఒక్కదాన్ని. మా దగ్గరే ఇలా అని నేను అనను. నాతో చదివిన వాళ్లు చాలా ఊళ్లలో చేస్తున్నారు, ఫోన్ చేసుకుంటే అందరం చెప్పుకునేది ఇదే. ఫిజియోథెరపిస్ట్ సాయంత్రం ఐదింటికి వెళ్లిపోతుంది, ఆదివారం రాదు. కళ్లెకి ఆదివారం లేదు కదా.

ఐసీయూ దాకా రాకుండా ఆపగలిగేది ఒకటుంది, అది మాత్రం ఇళ్లల్లో వాళ్లకి చెప్పాలి. ఐదేళ్లలోపు పిల్లల చేతికి పల్లీలు, సీతాఫలం గింజలు, చింతగింజలు అందనివ్వకండి. పల్లీ గింజ పొలమారి గొట్టంలో ఇరుక్కుంటే ఆ వెనక ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. దగ్గు, పిల్లికూతలు వస్తే జలుబని వారాల తరబడి సిరప్‌లు పోస్తారు. ఆడుకుంటూ తింటూ ఉన్న పిల్లాడికి ఉన్నట్టుండి దగ్గు తెరలు వచ్చి, ఆ తర్వాత తగ్గినట్టే అనిపించినా సరే, ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో దారి దొరుకుతుంది. మా దగ్గరికి చెక్కలు, ఉండలు చేసుకునే పండగ రోజుల్లో ఇలాంటి పిల్లలు వస్తూనే ఉంటారు.

మూడో బెడ్ బాబుకి ఏడో రోజు సాయంత్రం ట్యూబ్ తీశాం. గొంతు బొంగురుపోయి మొదట ఏడుపు గాలిలా వచ్చింది, ఆ తర్వాత మెల్లమెల్లగా గట్టిగా అందుకున్నాడు. వాళ్లమ్మ కంగారుపడి "సిస్టరమ్మా, ఏడుస్తున్నాడు, ఏమన్నా నొప్పా?" అంది. ఏడవనీయమ్మా అన్నాను. గట్టిగా ఏడిస్తే లోపలిదాకా గాలి పోతుంది, ఆ వయసు పిల్లాడికి అంతకన్నా మంచి ఫిజియో లేదు. మూడు నాలుగేళ్ల పిల్లలైతే సబ్బునీళ్ల బుడగలు ఊదిస్తాం, కాగితపు గాలిపంకా తిప్పిస్తాం. అందుకోసం నా డ్రాయర్‌లో బుడగల సీసాలు రెండు ఎప్పుడూ ఉంటాయి, అవి నా డబ్బుతో కొన్నవే.

మీకు నా మనవి చిన్నది. ఈసారి ఎక్కడ కొత్త వెంటిలేటర్ల ప్రారంభోత్సవం జరిగినా మీ విలేకరిని ఒక్క ప్రశ్న ఎక్కువ అడగమనండి. రాత్రి రెండు గంటలకి ఒక్కో నర్సుకి ఎంతమంది పిల్లలు? వచ్చిన జవాబుని ఫోటో కింద మెషిన్ల ఖరీదు పక్కనే వేయండి. జవాబు చెప్పకపోతే చెప్పలేదనే వేయండి. ఆ అంకె మీ పేపర్లో రావడం మొదలైతే, క్యాజువాలిటీకి మనిషి తక్కువైనప్పుడు పిల్లల ఐసీయూ నుంచి నర్సుని లాక్కెళ్లే ముందు ఎవరో ఒకరు ఆగి ఆలోచిస్తారని నా ఆశ.

ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను కాబట్టి నా పేరు, మా ఆస్పత్రి పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
కృష్ణా జిల్లా